ఇంటను బడిలోను ఒకే సైగ
చదువవలసిన భాగము: మార్కు 7:31–37

దెకపొలి ప్రాంతములో జనులు చెవిటివానిని ప్రభువునొద్దకు తెచ్చినప్పుడు ఆయన మొదట చేసిన పనిని మనము గమనింపక దాటిపోవుదుము. ఆయన వానిని జనసందడిలోనుండి ప్రక్కకు తీసికొనిపోయెను. తరువాత చెవులను తాకెను, నాలుకను తాకెను, ఆకాశమువైపు చూచెను. వినలేనివానికి తాను చేయబోవునది కంటికి చూపెను. పిమ్మట పలికినది ఒక్క మాటయే. అద్భుతము ప్రభువుది, ఆ పద్ధతి మాత్రము మనమును నేర్చుకొనవచ్చును. ఆటిజముగల బిడ్డలున్న తలిదండ్రులకు ఇది మిక్కిలి అవసరము.

ఆటిజము మెదడు ఎదుగుదలలోని భేదము. 1943లో లియో కానర్ అను వైద్యుడు అమెరికాలో దీనిని వివరించి వ్రాసెను. ఫ్లోరైడు నీటివలన కాళ్లు వంకరపోయినవారిని మన నల్లగొండవారెరుగుదురు. అది కంటికి కనబడును, ఇది కనబడదు. బిడ్డ నడచును, పరుగెత్తును. అయినను పిలిచిన తిరిగి చూడకపోవచ్చును, విన్నమాటనే మరల మరల పలుకవచ్చును, బడిగంట మ్రోగగానే చెవులు మూసికొని ఏడ్వవచ్చును. అందుచేత కొందరు గాలి సోకినదందురు. ఇది దయ్యము కాదు. ప్రార్థన పేరిట అట్టి బిడ్డను కొట్టుట పాపము. తలిదండ్రుల పాపఫలమనువారు యోహాను 9:3 చదువుకొందురు గాక.

ఇక చదువు సంగతి. ఈ పిల్లలలో అనేకులకు ఒకచోట నేర్చినది మరియొకచోట దానంతట అది రాదు. ఇంటిలో చెంబు చూపి నీళ్లడుగు బిడ్డ, బడిలో ఆ చెంబు కనబడక దప్పితో ఏడ్చును, పంతులమ్మ మొండితనమనుకొనును. అమ్మ ఒక సైగ, పంతులమ్మ మరియొక సైగ నేర్పినయెడల బిడ్డకు రెండును దక్కవు. కావున ఇంటిలో వాడు బొమ్మనే, సైగనే బడికి చెప్పుడి. సంచిలో ఒక నోటుపుస్తకముంచి, ఈ దినము ఏమి నేర్చెను, దేనికి భయపడెను అని ఇరువురును వ్రాసికొనుడి. తల్లికి చదువు రానియెడల మన ఆదివారపు బడి పిల్లలలో ఒకరు చదివిపెట్టవచ్చును.

పాలమూరు ప్రాంతములో తలిదండ్రులు బొంబాయి, పూనా పనులకు పోగా బిడ్డ నాయనమ్మయొద్దనో అమ్మమ్మయొద్దనో ఉండుట కద్దు. అట్టి యిండ్లలో పంతులమ్మ మాటలాడవలసినది ఆ ముసలమ్మతోనే. తిమోతి విశ్వాసమును తలంచినప్పుడు పౌలు మొదట పేర్కొన్నది అతని అవ్వయైన లోయినే గదా (2 తిమోతి 1:5).

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఆటిజము చేరియున్నది. నూటికి 40 పాళ్లకు తగ్గని వైకల్యమున్నట్లు ధ్రువపత్రము పొందిన బిడ్డకు 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచితవిద్య హక్కు. తీవ్రవైకల్యమున్న బిడ్డకు ఇంటియొద్దనే చదువుకొను హక్కును 2012లో విద్యాహక్కు చట్టమునకు చేసిన సవరణ ఇచ్చినది. ఇంటి చదువనగా గొళ్లెము వేసియుంచుట కాదు సుమా! మండల కేంద్రములలో ఇట్టి పిల్లలకొరకు భవిత కేంద్రములున్నవి. ప్రధానోపాధ్యాయుని అడిగి విచారించుడి.

బడికి మొదట అరగంట పంపుడి. సందడి ఎక్కువైనప్పుడు ప్రక్కకు తీసికొనిపోయి, నెమ్మదించిన తరువాత మరల లోనికి తెండి. గుడిలోను అట్లే. తబలా, మైకు మ్రోగకముందు బిడ్డకు చేతితో సైగచేసి చూపుడి. వాకిటిదగ్గర చాప వేయుడి. ఓర్వలేనప్పుడు తల్లితో వేపచెట్టు క్రిందికి పోనిండి. అప్పుడు పెద్దలెవరును వెనుదిరిగి చూడకుందురు గాక.