పైపొరను గూర్చి మేనకోడలికి

  నీ ఉత్తరము చేరినది.

జంతుశాస్త్రము పాఠ్యముగా తీసికొన్నందుకు సంతోషించితిని గాని, బొద్దింక అవయవముల పేర్లను పట్టికలుగా వ్రాసికొని తెల్లవారుజామున లేచి వల్లెవేయుచున్నానని నీవు వ్రాసిన వాక్యము నాకు రుచింపలేదు. వల్లెవేత సంస్కృత శబ్దరూపముల పుస్తకమగు శబ్దమంజరికి చెల్లును. అందులోనైనను ఒక రూపమునకును మరియొక రూపమునకును పొత్తు ఉన్నది కనుకనే అది నోట నిలుచును. పురుగు దేహమునందును అట్టి పొత్తు కలదు. అది ఎచ్చటనుండి బయలుదేరుచున్నదో గ్రహించితివేని, ఆ పేర్లలో ముప్పాతిక భాగము నీవు పిలువకయే వచ్చి కూర్చుండును. కావున తలనుండి గాక పైపొరనుండి చదువ మొదలుపెట్టుము.

మనకు ఎముకలు లోపలను కండలు పైనను ఉండగా, పురుగునకు గట్టిభాగమంతయు వెలుపలనే ఉన్నది. కండరములు దానిని లోపలినుండి పట్టుకొని లాగును. ఆ పొర ప్రాణమున్న కణజాలము కాదు. దాని అడుగున ఒకే వరుసగా పరచుకొనియున్న కణములు కైటిను అను పదార్థమును మాంసకృత్తులను స్రవించి కట్టిన కట్టడము. ఒకసారి గట్టిపడిన పిమ్మట అది సాగదు. అందుచేత పెరుగదలచిన పురుగు క్రొత్తపొరను అడుగున ముడుతలుగా సిద్ధపరచుకొని, వీపువైపు పాతదానిని చీల్చుకొని వెలువడి, గాలి మ్రింగి ఒడలుబ్బించి, ఆ పెద్దకొలతలోనే గట్టిపడవలసియున్నది. అప్పుడే కుబుసము విడిచిన బొద్దింక కొన్ని గంటలపాటు పాలవలె తెల్లగా ఉండును. దానిని చూచి వేరొక జాతియని భ్రమపడువారు కలరు.

కుబుసమునకు వేళ యైనదని చెప్పువారెవరు? విగిల్స్‌వర్త్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు 1930 తరువాతి సంవత్సరములలో, దక్షిణ అమెరికాయందు రక్తము పీల్చి బ్రతుకు రోడ్నియస్ అను నల్లిజాతి పురుగుల తలలను ఖండించి చూచెను. కడుపునిండ త్రాగిన కొలదిదినములలోనే తల పోయినచో ఆ మొండెము నెలల తరబడి జీవించియుండియు కుబుసము విడువదు. ఒక గడువు దాటిన పిమ్మట పోయినచో తలలేకయే అందుకు సిద్ధపడును. గడువు దాటిన దానిని దాటని దానితో రక్తములు కలియునట్లు అతికింపగా రెండవదియు సిద్ధపడినది. ఆజ్ఞ తలనుండి బయలుదేరి రక్తమార్గమున పోవుచున్నదని అట్లు తేలినది. ఆ ఆజ్ఞను అందుకొని రొమ్ములోని గ్రంథులు స్రవించు హార్మోనును 1954లో బుటెనాంట్, కార్ల్‌సన్ అను జర్మను రసాయనికులు వేరుచేసిరి. 500 కిలోల పట్టుపురుగు ప్యూపాలనుండి వారికి దక్కినది 25 మిల్లీగ్రాములు!

ఇక శ్వాస సంగతి. సెలవులకు వచ్చినప్పుడు చెరువు అంచున తుంగకాడలను వెదకుము. తూనీగ విడిచిపోయిన వట్టిపొర వాటిని కరచుకొని ఉండును. వీపు చీలికలో సన్నని తెల్లదారములు కొన్ని వ్రేలాడుచుండును. అవి శ్వాసనాళముల లోపలి పూతలు. పైపొర ప్రక్కలనున్న రంధ్రములగుండ లోనికి మడతపడిపోయి, గొట్టములై, కొమ్మలై, తుదకు కంటికి కానరాని రెమ్మలై ప్రతి కండరమును చేరుచున్నది గనుక, పురుగు చర్మముతోపాటు తన ఊపిరిగొట్టముల పూతను గూడ విడువక తప్పదు. బొద్దింకకు ఇట్టి రంధ్రములు రొమ్మున రెండు జతలు, పొట్టకు ఎనిమిది జతలు. గాలి తిన్నగా ఇంటింటికి చేరుచుండగా రక్తమునకు ఆ మోత పనిలేదు. అందుచేతనే దాని రక్తమునకు ఎరుపు లేదు, వీపు పొడవున పదమూడు గదులుగా సాగిన గుండెకు తొందర లేదు. చిన్నపురుగునకు గాలి తనంతట వ్యాపించిన చాలునని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆగస్టు క్రోగ్ లెక్కకట్టి చూపెను. దూరము పెరిగినకొలది ఆ వ్యాపనము మందగించును గనుక పెద్దవి గాలిని ఆడింపవలసియుండును. గడ్డిలో కూర్చున్న మిడత పొట్ట కొలిమితిత్తివలె ఉబ్బి తగ్గుచుండుట నీవు చూచియే యుందువు.

ఇచ్చట నొక సూచన. పళ్లెములో నీటియడుగున బొద్దింకను కోసినప్పుడు ఆ నాళములు వెండితీగెలవలె మెరయును. ఆ మెరపు లోపలి గాలిది. నీరు జొచ్చినకొలది అది మాసి, నాళములే కానరాకుండ పోవును. కావున ముందుగా వాటిని గీయుము, జీర్ణకోశము తరువాత గీయవచ్చును. పుస్తకములోని బొమ్మను ఎదుట పెట్టుకొని గీయుట మాత్రము మానుము.

పైపొర మీద మరల కడు పలుచని మైనపు పూత యొకటి కలదు. ఇంత చిన్న దేహములోని నీరు ఎండకు ఆవిరి గాకుండ కాపాడునది అదియే. మా అమ్మ పెసలకు బూడిద పట్టించి బానలలో పోయించుట నీకు జ్ఞాపకమున్నదా? బూడిదలో విషమేమియు లేదు; ఆ రేణువులు పుచ్చుపురుగు మైనమును గీరి, పీల్చి, దేహమును ఎండగట్టును. మన ఇండ్ల పెద్దలు కారణము నెరుగకయే ఫలము నెరిగిరి.

రోకలిబండలకు, జెర్రులకు చాలవరకు ఈ మైనపు రక్ష లేదు. అవి ఆకుల క్రింద, తడిమట్టిలో దాగి, వానలు పడగానే బయటికి వచ్చుట అందువలననే. రోకలిబండను కాగితము మీద నడిపించి భూతద్దముతో చూడుము: తల వెనుకనున్న మొదటి వలయమునకు కాళ్లే లేవు, తరువాతి మూడింటికి ఒక్కొక్క జత, అటుపిమ్మట, తోకదగ్గరివి కొన్ని తప్ప, ప్రతి వలయమునకు రెండేసి జతలు. రెండు ఖండములు కలిసి యొకటియైనవని చెప్పుటకు ఇంతకన్న సాక్ష్యము వలదు. జెర్రికి ఖండమునకు ఒక్క జతయే. పెరిగిన జెర్రిలో నడకకాళ్ల జతలు ఎప్పుడును బేసిసంఖ్యలోనే ఉండుట వింత. అది కరచునందురు గాని, విషము దింపు ఆ కొక్కెములు నోటివి కావు, మొండెపు మొదటి జత కాళ్లే అట్లు మారినవి. ఆ మాటకు వచ్చిన, బొద్దింక దవడలును పూర్వము కాళ్లే! ఆరుకాళ్ల పురుగని మనము లెక్కించునది నడకకు మిగిలిన వాటిని మాత్రమే.

రోకలిబండను ముట్టినచో చేయి కడుగుకొనుము, దాని స్రావము కొందరికి మంట పుట్టించును. జెర్రిని ప్రాణముతో పట్టవలదు. మీ ప్రయోగశాల సీసాలో నున్నదానిని ఆ కొక్కెములు కానవచ్చునట్లు బోర్లగాక వెల్లకిల నుంచి చూడుము. నీవు గీసిన పటములు, చెడినవైనను, తపాలాలో పంపుము.

ఇంతే సంగతులు.

ఆశీస్సులతో,
మామయ్య