ఆకలి లేదని పస్తులుండకండి

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, బరువు 94 కిలోలు. డాక్టర్ రాసిచ్చిన మౌంజారో ఇంజెక్షన్ మూడు వారాలుగా తీసుకుంటున్నాను. ఆకలి వేయదు, వికారంగా ఉంటోంది. రంజాన్‌లో రోజా ఉండొచ్చా? మా ఆడపడుచు నా పెన్నే వాడతానంటోంది.
– ఒక సోదరి, శాలిబండ

జవాబు: ముందుగా, ఆ పెన్ను ఎవరికీ ఇవ్వకండమ్మా. సూది మార్చినా హెపటైటిస్ లాంటి జబ్బులు సోకవచ్చు. పైగా ఆమె కుటుంబంలో మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉందా, ఆమెకు గతంలో క్లోమగ్రంథి వాపు వచ్చిందా అన్నది డాక్టరే తేల్చాలి.

వికారం ఈ మందుతో చాలామందికి ఉండేదే. తిన్నది కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది కాబట్టి నూనె వంటకాలు, ఒకేసారి ఎక్కువ తినడం పడవు. తొలి నాలుగు వారాల 2.5 మిల్లీగ్రాములు శరీరానికి అలవాటు చేయడానికే. బరువు తగ్గలేదని సొంతంగా మోతాదు పెంచకండి. నన్ను ఎక్కువ కలవరపెట్టేది మీ ఆకలి లేకపోవడం. పస్తులుంటే కొవ్వుతోపాటు కండా కరిగిపోతుంది. గుడ్డు, పెరుగు, పప్పు, చికెన్ కొద్దికొద్దిగానైనా తినండి.

వాంతులు, వికారం ఉన్నన్నాళ్లూ రోజా వద్దు. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలు దెబ్బతింటాయి. వికారం తగ్గాక డాక్టర్ సరేనంటే ఉండండి. సహరీలో నీళ్లు బాగా తాగండి, ఇఫ్తార్‌లో హలీమ్ చిన్న గిన్నెతో ఆపండి.

గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే వాటి పని తగ్గవచ్చు, వేరే పద్ధతి అడగండి. పైకడుపులో మొదలై వీపుకు పాకే తీవ్రమైన నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.