చెవికి కుదిరిందే మంచి ఇయర్‌ఫోన్

సందేహాలు – సమాధానాలు

ఇయర్‌ఫోన్ల గురించి వచ్చే ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగేది ఒకటే: "ఏ కంపెనీది కొనమంటారు?" పేరు చెప్పడం తేలికే. కానీ నాకు నచ్చినది మీ చెవిలో నిలవకపోతే ఆ సలహా వల్ల మీకు నష్టమే. అందుకే పేర్లకన్నా ముందు తెలుసుకోవలసిన విషయాలున్న ఉత్తరాలను ఈసారి ఎంచుకున్నాను. నాణ్యమైన శబ్దం, చెవికి సుఖం, బయటి రొద తగ్గడం వేర్వేరు సంగతుల్లా కనిపిస్తాయి. నిజానికి మూడింటికీ మూలం ఒకటే.

ప్రశ్న: మా అన్నయ్య 800 రూపాయల ఇయర్‌ఫోన్‌లో మృదంగం గుమ్మని పలుకుతుంది. నేను 6 వేలు పెట్టి కొన్నదాంట్లో టకటకమని మాత్రమే వినిపిస్తోంది. మోసపోయానా?
– వీణ నేర్చుకుంటున్న విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: అప్పుడే ఆ మాట అనుకోకండి. ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. మృదంగం బాగా వినిపించే కచేరీ ఒకటి పెట్టుకుని, మీ ఇయర్‌ఫోన్‌ను రెండు చెవుల్లోనూ వేళ్లతో మెల్లగా లోపలికి అదిమి పట్టుకోండి. రవ్వ ముద్ద అంటించే ఎడమ మూత నాదం ఒక్కసారిగా నిండుగా వినిపించిందా? అయితే మీ ఇయర్‌ఫోన్‌లో లోపం లేదు, దాని రబ్బరు టిప్పు మీ చెవికి సరిపోలేదు. అదిమినా తేడా రాకపోతే, ఆ మోడల్‌ను తయారు చేసినవాళ్లే బేస్ తక్కువగా పెట్టారని అర్థం.

ఇన్-ఇయర్ పద్ధతి ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఇది సులభంగా బోధపడుతుంది. టిప్పు చెవి రంధ్రాన్ని మూసేస్తుంది. దానికీ కర్ణభేరికీ మధ్య మిగిలే గాలి చెంచాడు కూడా ఉండదు. ఆ కాస్త గాలిని ముందుకూ వెనక్కూ నెట్టి ఇయర్‌ఫోన్ శబ్దం పుట్టిస్తుంది. ఎక్కడైనా సందు ఉంటే గాలి ఒత్తిడి బయటికి పోతుంది. ముందుగా పోయేది బేస్. పై స్థాయి శబ్దాలు మాత్రం మిగిలిపోతాయి, అందుకే మీకు టకటకలే వినిపిస్తున్నాయి. గాస్కెట్ వదులైతే ఎంత ఖరీదైన కుక్కరయినా విజిల్ వేయదు కదా, ఇదీ అంతే.

డబ్బాలో వచ్చిన మూడు సైజుల టిప్పులనూ వాడి చూడండి. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని లేదు. ఒక చెవికి మీడియం, రెండో చెవికి లార్జ్ పడితే అలాగే వాడండి. పెట్టుకునేటప్పుడు రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పై భాగాన్ని పైకీ వెనక్కీ కొంచెం లాగితే రంధ్రం తిన్నగా అవుతుంది, టిప్పు చక్కగా కూర్చుంటుంది. ఆ తర్వాత రెండు మూడుసార్లు నోరు తెరిచి మూయండి. దవడ కదిలినా బేస్ తగ్గకపోతే సైజు కుదిరినట్టే.

ప్రశ్న: రోజూ లింగంపల్లి నుంచి సికింద్రాబాద్ దాకా ఎంఎంటీఎస్‌లో ప్రయాణం. బయటి రొద వినపడకూడదు. నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నది కొనాలా, చెవిని గట్టిగా మూసే మామూలుది చాలా?
– ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీకు చిరాకు తెప్పించేది ఏ రొదో ముందు గమనించండి. జవాబు దాన్నిబట్టే ఉంటుంది.

నాయిస్ క్యాన్సిలేషన్‌లో చిన్న మైకులు బయటి శబ్దాన్ని పట్టుకుంటాయి. లోపలి చిప్పు దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని తయారు చేస్తుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. రైలు, విమానం, ఏసీ చేసేలాంటి ఎడతెగని హోరును ఈ పద్ధతి చాలా బాగా తగ్గిస్తుంది. సుమారు 1,000 హెర్ట్జ్ దాటాక దాని బలం సన్నగిల్లుతుంది. పక్కవాళ్ల కబుర్లు, పసిపిల్లల ఏడుపు, పట్టాల అతుకుల దగ్గర వచ్చే టకటకలు దానికి అంతగా లొంగవు. వాటిని ఆపేది చెవిని మూసే టిప్పే.

ఈ రెండు పద్ధతుల వెనకా మంచి చరిత్ర ఉంది. బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టిన అమర్ బోస్ 1978లో జూరిచ్ నుంచి ఇంటికి వెళ్తూ, విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంజిన్ హోరులో సంగీతం వినపడలేదు. ఎదురు తరంగంతో ఆ హోరును అణిచే లెక్కలు ఆయన ఆ ప్రయాణంలోనే మొదలుపెట్టారు. 1989లో పైలట్ల కోసం ఆ పద్ధతిలో హెడ్‌సెట్ వచ్చింది. ఆయన స్థాపించిన బోస్ సంస్థ నుంచి చెవిలో పెట్టుకునే రకం 2013కి గానీ రాలేదు. రెండో దారి మీడ్ కిలియన్‌ది. వినికిడి యంత్రాల రంగం నుంచి వచ్చిన ఈ ఇంజినీరు స్థాపించిన ఎటిమోటిక్ సంస్థ 1991లో ఈఆర్-4 అనే ఇయర్‌ఫోన్ తెచ్చింది. మూడు గొడుగులు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టుండే టిప్పు చెవిలోకి లోతుగా వెళ్తుంది. బ్యాటరీ, చిప్పు ఏమీ లేకుండానే బయటి శబ్దాన్ని 30 డెసిబెల్స్ పైచిలుకు తగ్గిస్తుంది. కానీ అంత లోతుగా పెట్టుకోవడం అందరికీ నచ్చదు.

మీ బాధ రైలు హోరయితే నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నది తీసుకోండి. మనుషుల మాటలయితే, ఫోమ్ టిప్పులున్న వైరు ఇయర్‌ఫోన్ తక్కువ ఖర్చులో ఎక్కువ ఫలితం ఇస్తుంది. ఫోమ్‌ను వేళ్లతో నలిపి సన్నగా చేసి చెవిలో పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం పట్టుకోవాలి. ఈ పని సరిగ్గా చేయకుండానే చాలామంది ఫోమ్ బాగాలేదని పక్కన పడేస్తారు. క్యాన్సిలేషన్ ఉన్న బడ్స్‌కీ ఫోమ్ టిప్పులు పెట్టుకోవచ్చు. కాకపోతే ఛార్జింగ్ డబ్బా మూత పడుతుందో లేదో చూసుకుని కొనండి.

ఇంకో మాట. స్టేషన్లో దిగగానే రెండూ చెవుల్లోంచి తీసేయండి. పట్టాల పక్కనా, రోడ్డు మీదా మన చెవులే మనకు కాపలా.

ప్రశ్న: నా చెవులు చిన్నవి. ఏది పెట్టుకున్నా అరగంటకే నొప్పి. పైగా వైరు మాటీలకు చిక్కుకుంటుంది. నా మాట నాకే కుండలో మాట్లాడినట్టు వినిపిస్తుంది.
– బ్యాంకు ఉద్యోగిని, నెల్లూరు

జవాబు: నొప్పి ఎక్కడ పుడుతోందో వేలు పెట్టి చూపించగలిగితే సగం సమస్య తీరినట్టే. రంధ్రం లోపల ఒరిపిడిగా ఉంటే టిప్పు పెద్దదైంది. ఒక సైజు తగ్గించండి, లేదా మెత్తని ఫోమ్‌కు మారండి. రంధ్రం బయట, దొన్నెలా ఉండే భాగంలో నొప్పి వస్తుంటే టిప్పులు మార్చి లాభం లేదు. ఇయర్‌ఫోన్ ఒళ్లే మీ చెవికి పెద్దది. వైర్‌లెస్ బడ్స్‌లో బ్యాటరీ కూడా చెవిలోనే ఉండాలి కాబట్టి అవి లావుగా, బరువుగా ఉంటాయి. మీలాంటి చెవులకు తుపాకీ గుండులా సన్నగా పొడుగ్గా ఉండే వైరు రకం సుఖం. దాని వైరు నేరుగా కిందికి వేలాడుతుంది. చెవి పైనుంచి తిప్పి వేసుకునే మోడళ్లు మాత్రం మాటీలకూ కళ్లజోడు కాడలకూ తప్పకుండా అడ్డొస్తాయి. వాటిని వదిలేయండి.

కుండలో మాట్లాడినట్టు ఉండటం లోపం కాదు. మన గొంతు ఎముకల ద్వారా కూడా చెవికి చేరుతుంది. మామూలుగా ఆ శబ్దంలో కొంత రంధ్రం గుండా బయటికి పోతుంది. దారి మూసేస్తే లోపలే మోగుతుంది. నడిచేటప్పుడు అడుగుల చప్పుడు ధనధనమనేదీ ఇందుకే. ఫోన్ మాట్లాడేటప్పుడు ఒక చెవిలోంచి తీసేయండి, లేదా బయటి శబ్దాన్ని లోపలికి పంపే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ ఉంటే వాడండి.

రంధ్రాన్ని మూయకుండా బయటే నిలిచే బడ్స్ కూడా ఉన్నాయి. ఇంట్లో, నిశ్శబ్దంలో అవి ఎంతో హాయి. బస్సులో మాత్రం రొదను మించి వినాలని వాల్యూమ్ పెంచేస్తాం. సుఖం కోసం కొన్నది చెవికి చేటవుతుంది.

ప్రశ్న: స్నేహితుల దగ్గర మూడు మోడళ్లు తెచ్చుకున్నాను. వాటిలో ఏది మెరుగో ఎలా తేల్చుకోవాలి? డబ్బా మీద అన్నిటికీ 20 నుంచి 20,000 హెర్ట్జ్ అనే ఉంది.
– ఎలక్ట్రీషియన్, వరంగల్

జవాబు: ఆ అంకెను పట్టించుకోకండి. అది ఎంతదాకా పలుకుతుందో చెబుతుంది గానీ ఎలా పలుకుతుందో చెప్పదు. లోపల ఎన్ని డ్రైవర్లున్నాయన్నదీ అంతే. చిన్న స్పీకర్‌లా పొర కదిలే డైనమిక్ డ్రైవర్ సాధారణంగా నిండైన బేస్ ఇస్తుంది. వినికిడి యంత్రాల నుంచి వచ్చిన బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ బియ్యపు గింజకన్నా కొంచెం పెద్దగా ఉండి గొంతు, తీగ వాయిద్యాల వివరాలు బాగా చూపిస్తుంది. అయినా ఒక్క డ్రైవరుతో చక్కగా పలికేవి ఉన్నాయి, ఐదారు పెట్టి చెడగొట్టినవీ ఉన్నాయి.

పోల్చేటప్పుడు ముందు మూడింటి టిప్పులనూ శుభ్రం చేసి మీ చెవికి కుదిరేలా సరిచూసుకోండి. తర్వాత మూడూ ఒకే బిగ్గరతనంలో వినిపించేలా వాల్యూమ్ సర్దండి. రెండింటిలో కాస్త గట్టిగా మోగేదే మెరుగైనదని మన చెవి తీర్పు చెప్పేస్తుంది. చాలా పోలికలు ఇక్కడే తప్పుతాయి.

ఇక మీకు కంఠతా వచ్చిన పాటలు మూడు తీసుకోండి. మొదటిది 1950ల నాటి ఘంటసాల పాట. అప్పటి సినిమా పాటలు మోనో రికార్డింగులు, రెండు చెవులకూ ఒకే శబ్దం వస్తుంది. గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడాలి. ఒక పక్కకు ఒరిగితే ఆ జతలో తేడా ఉన్నట్టు, లేదా ఒక టిప్పు సరిగా కూర్చోనట్టు. ఇయర్‌ఫోన్లు కుడి ఎడమలు మార్చి పెట్టుకుని చూస్తే ఏదో తేలిపోతుంది.

రెండోది ఆడగొంతు పాట. స, శ అక్షరాలు పలికినప్పుడు సూదిలా గుచ్చుకుంటే గంట వినలేరు. గొంతు తెర వెనకనుంచి వచ్చినట్టుంటే 3,000 హెర్ట్జ్ ప్రాంతం తగ్గిందని అర్థం. మన చెవి రంధ్రం రెండున్నర సెంటీమీటర్ల గొట్టం. ఆ ప్రాంతపు శబ్దాన్ని అది సహజంగానే పెంచుతుంది. ఇయర్‌ఫోన్‌తో మూసేస్తే ఆ సాయం పోతుంది కాబట్టి, తయారీదారు దాన్ని కొలిచి తిరిగి కలపాలి. ఎంత కలపాలన్నదే మోడల్‌కీ మోడల్‌కీ ఉండే పెద్ద తేడా.

మూడోది డప్పు, నాదస్వరం లాంటివి కలిసిన హోరెత్తే పాట. అందులో ఏ వాయిద్యానికి ఆ వాయిద్యం విడిగా వినిపించాలి. ఒక్కోదాన్ని పూర్తిగా ఒక సాయంత్రం వాడండి. మొదటి నిమిషంలో ఆకట్టుకున్న బేస్ మూడో పాటకి తలనొప్పి తెప్పించవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. రోజుకు ఆరేడు గంటలు చెవుల్లో అవే. చెవులు పాడవుతాయా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: గంటల లెక్క ఒక్కటే చాలదమ్మా, ఎంత గట్టిగా వింటున్నాడన్నదీ కలిపి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. పిల్లలకు అదే 40 గంటలకు 75 డెసిబెల్స్. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగానికి పడిపోతుంది. 90 దగ్గర వారమంతటికీ కలిపి 4 గంటలే. లోపలి చెవిలోని సన్నని రోమకణాలు దెబ్బతింటే మళ్లీ మొలవవు. అందుకే మీ ఆందోళనను నేను కొట్టిపారేయను.

ఒక పద్ధతి చెబుతాను. ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్న గదిలో, పాఠం స్పష్టంగా అర్థమయ్యేంత తక్కువలో వాల్యూమ్ పెట్టించండి. ఆ గీతే అతని హద్దు. హాల్లో టీవీ పెట్టారనో, బస్సెక్కాడనో దాన్ని దాటనివ్వకండి. దాటితే తప్ప వినపడటం లేదంటే ఇయర్‌ఫోన్ బయటి రొదను ఆపడం లేదన్నమాట. టిప్పులు మార్చాలి, లేదా ఇయర్‌ఫోన్ మార్చాలి. ప్రతి గంటకూ కాసేపు చెవులకు విరామం ఇప్పించండి. తీసేశాక చెవుల్లో గుయ్యిమంటోందని ఎప్పుడైనా అంటే ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: ఏడాది వాడాక కుడివైపు శబ్దం సన్నబడింది. చెవిలో దురద కూడా ఉంది.
– జిమ్ శిక్షకుడు, విశాఖపట్నం

జవాబు: టిప్పు తీసి, గొట్టం మూతిమీది జాలీని వెలుతురులో చూడండి. గులిమి పేరుకుని ఉండవచ్చు. జాలీని కిందికి వంచి పట్టి మెత్తని పొడి బ్రష్‌తో దులపండి. పిన్నుతో పొడిస్తే జాలీ చిరిగిపోతుంది. సిలికాన్ టిప్పులను సబ్బునీళ్లలో కడిగి పూర్తిగా ఆరాక తొడగండి. ఫోమ్ టిప్పులు అరిగే సరుకే, కొన్ని నెలలకోసారి మార్చాల్సిందే.

దురదను తేలిగ్గా తీసుకోవద్దు. సముద్రపు గాలి తేమ, వ్యాయామపు చెమట, పైన మూసిన టిప్పు కలిస్తే ఫంగస్ చేరడానికి అనువైన చోటు తయారవుతుంది. చెవిలో నూనె పోయడం, పుల్లలు పెట్టడం మానేసి డాక్టరును కలవండి. తగ్గేదాకా ఇయర్‌ఫోన్ వాడకండి. మీది ఇంకొకరికి ఇవ్వకండి.

ప్రశ్న: నాకు 70 ఏళ్లు. ఎడమ చెవి సరిగా వినపడదు. మా అబ్బాయి బడ్స్ కొనిచ్చాడు. కచేరీ వింటే వయొలిన్ వినపడుతుంది గానీ మృదంగం మాయమవుతోంది.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: మాస్టారూ, స్టీరియో రికార్డింగులో వాయిద్యాలను కుడి ఎడమలకు పంచుతారు. మీ కచేరీలో మృదంగం ఎడమవైపు పడి ఉంటుంది. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్తే 'మోనో ఆడియో' కనిపిస్తుంది. అది ఆన్ చేయండి. రెండు వైపుల శబ్దమూ కలిసి మీ కుడి చెవికీ వస్తుంది. పైసా ఖర్చు లేదు.

ఎడమవైపు వాల్యూమ్ పెంచి ఆ లోటు పూడ్చుకోవాలని మాత్రం చూడకండి. మిగిలిన వినికిడి కూడా తరిగిపోతుంది. వీలైనంత త్వరగా డాక్టరుకు చూపించి ఆడియోగ్రామ్ తీయించుకోండి. ఏ స్థాయి శబ్దాలు తగ్గాయో ఆ కాగితం చెబుతుంది. ఈలోగా కుడివైపు టిప్పు ఒక సైజు పెద్దది పెట్టి చూడండి. సరిగ్గా కూర్చుంటే వాల్యూమ్ పెంచకుండానే మీ మృదంగం మీకు వినిపిస్తుంది.