ముఖమే ఆనవాలు

శాపవశాన దుష్యంతునికి శకుంతల ముఖం చూసినా గుర్తు రాలేదు. ఉంగరం కంటబడిన తరువాతనే గతం స్ఫురించింది. నేడు కొన్ని క్రీడాప్రాంగణాల ద్వారాల వద్ద ఈ క్రమం తారుమారైంది. టికెట్టు అనే ఉంగరంతో పనిలేదు, ముఖమే ఆనవాలు. 20,000 మందికి పైగా పట్టే స్టేడియాలలో ఇట్టి ఏర్పాటు ఉండాలని బ్రెజిల్ దేశం 2023లో చట్టమే చేసింది. దొంగ టికెట్ల వ్యాపారానికి ఇది అడ్డుకట్ట వేయగలదు.

కెమెరా చిత్రించిన ముఖాన్ని కంప్యూటరు అంకెల వరుసగా మార్చి, ముందే భద్రపరచిన వరుసలతో పోలుస్తుంది. అయితే పోలిక వేరు, ఏకత్వం వేరు. ఎంత సామ్యం ఉంటే చాలునో నిర్ణయించేది మనిషే. ఆ హద్దు సడలితే నిరపరాధి చిక్కుతాడు; బిగిస్తే అపరాధి తప్పించుకుంటాడు.

2017 జూన్‌లో బ్రిటన్‌లోని కార్డిఫ్ నగరంలో ఛాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ తుదిపోటీ జరిగినపుడు పోలీసులు ఈ విధానాన్ని ప్రయోగించారు. యంత్రం చూపిన 2,470 పోలికలలో 2,297 తప్పని తేలింది! యంత్రాలు ఆ తరువాత మెరుగుపడిన మాట నిజమే. కాని టికెట్టు పోతే మరొకటి కొనవచ్చు. ముఖపు కొలతలు పరుల పాలైతే మార్చుకొనుటకు వేరొక ముఖం లేదు.

ఆ నగరవాసి ఒకరు వేసిన దావాలో, అదే పోలీసు విభాగం ఈ సాధనాన్ని వాడిన తీరు చట్టవిరుద్ధమని 2020 ఆగస్టులో అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఎవరి ముఖాలను జాబితాకెక్కించాలో, కెమెరా ఎక్కడ నిలపాలో పోలీసుల ఇష్టానికే వదలివేయడం న్యాయమూర్తులు ఎత్తిచూపిన లోపాలలో ముఖ్యమైనది.