పెరటి చెట్టు: పిడుగుదెబ్బ – గాలిదెబ్బ

పాఠం ఉద్దేశం

ఒకే గాలివానలో దెబ్బతిన్న చెట్ల గాయాలను పరిశీలించి, కారణం పిడుగో గాలో గుర్తించడం, ఆ కారణాన్ని అనుసరించి చెట్టును నిలపాలో తొలగించాలో నిర్ణయించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. నిత్యం కంటి ఎదుట ఉండే వస్తువుకు మనం విలువ ఇవ్వమని దాని భావం. విలువ ఇవ్వని దానిని నిశితంగా చూడము కూడా. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతాలలో ఇంటి వెనుక వేప, మునగ, మామిడి, కొబ్బరి. చేల గట్లపై తాడి, ఈత, తుమ్మ కనిపిస్తాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండల నడుమ ఒక సాయంకాలం ఆకాశం నల్లబడుతుంది. దుమ్ము లేస్తుంది, ఉరుములు వినిపిస్తాయి, గంటసేపు వాన కొట్టి వెలుస్తుంది. తెల్లవారి చూస్తే వేపచెట్టు బెరడు నిలువునా ఊడి ఉంటుంది. మామిడిచెట్టు మొదట నేల నెర్రె విచ్చి ఉంటుంది. ఇంటివారు రెండింటినీ చూచి “గాలివానకు పోయాయి” అని ఒక్క మాటతో తేల్చివేస్తారు. బెరడు ఊడిన వేపను చచ్చిందని నరికివేసి, పచ్చగా నిలిచిన మామిడిని బాగానే ఉందని వదలివేస్తారు. బ్రతకవలసిన వేప గొడ్డలి పాలవుతుంది. మామిడి తరువాతి గాలికి ఇంటిపైననే కూలవచ్చు. పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రం పనికిరాదన్న మాట, బియ్యపు మిల్లులకు పేరుపొందిన మిర్యాలగూడ వారికి ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ఈ రెండు దెబ్బల స్వభావ భేదాన్ని మన ప్రాచీన నిఘంటువు ఒకటి పేర్లలోనే సూచించింది. అమరకోశం వజ్రాయుధానికి చెప్పిన పేర్లలో ‘భిదురం’ ఒకటి. చీల్చునది అని దాని వ్యుత్పత్త్యర్థం. అదే కోశం వాయువుకు చెప్పిన పేర్లలో ‘ప్రభంజనం’ ఒకటి. బాగుగా విరుచునది అని దాని అర్థం. పిడుగు చీలుస్తుంది, గాలి విరుస్తుంది. గాయపడిన చెట్టు ముందు నిలిచినప్పుడు మొదట గుర్తుకు రావలసిన సూత్రమిదే.

పిడుగు ఎందుకు చీలుస్తుందో తెలుసుకుందాం. మేఘం నుండి నేలకు విద్యుత్తు ప్రవహించే మార్గంలో గాలి క్షణకాలం సుమారు 30,000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. ఇది సూర్యుని ఉపరితలపు వేడికి ఐదు రెట్లు. చెట్టులో తేమ అధికంగా ఉండేది బెరడుకు కిందనున్న పొరలలో. విద్యుత్తు ఆ తేమ వెంట దిగుతుంది. ఆ నీరు రెప్పపాటులో ఆవిరిగా మారి వ్యాకోచిస్తుంది. బెరడును లోపలి నుండి బయటకు పేల్చివేస్తుంది. అందువలన పై కొమ్మల దగ్గర మొదలై మొదలు వరకు దిగిన పొడవైన పట్టీ వంటి గాయం ఏర్పడుతుంది. కలప పోగు మెలితిరిగి ఉన్న చెట్టులో ఆ పట్టీ కూడా మెలికగా దిగుతుంది. బెరడు ముక్కలు చెట్టు మొదట కుప్పగా పడక దూరంగా ఎగిరి పడతాయి. దెబ్బ లోతుగా తగిలితే కాండమే పేళ్లుగా చీలిపోతుంది. కొన్నిసార్లు వేళ్ల వెంబడి నేలలో చిన్న చాలు కూడా కనిపిస్తుంది. పిడుగు పడిన చెట్టు మాడి తీరాలని చాలామంది తలుస్తారు. అది నిజం కాదు. పచ్చికలప సులభంగా అంటుకోదు. నల్లని మసి కనిపించనంత మాత్రాన పిడుగు కాదని చెప్పరాదు.

గాలి చేసే పని వేరు. అది చెట్టు తలను పట్టి ఊపుతుంది. ఎత్తైన తల మీటవలె పనిచేసి బలమంతటినీ చెట్టులోని బలహీనమైన చోటికి చేరుస్తుంది. ఆ చోటు పురుగు తొలిచిన కాండం కావచ్చు, పాత తొర్ర కావచ్చు, ఇరుకైన కొమ్మపంగ కావచ్చు, నానిన నేలలోని వేళ్లు కావచ్చు. కాబట్టి గాలికి విరిగిన చోట పరిశీలిస్తే తరచు పాత కుళ్లు గోధుమరంగులో బయటపడుతుంది. కొమ్మ విరిగి పడునప్పుడు కూడా బెరడు కొంత ఊడుతుంది. అయితే అది పంగ దగ్గర వెడల్పుగా మొదలై, నాలుకవలె సన్నబడి, కొద్ది దూరంలోనే ఆగిపోతుంది. కాండం నడుమ మొదలయ్యే సంబంధం లేని గాయం గాలి చేయదు. మునగ కొమ్మ మిక్కిలి పెళుసు. పొగడ్తలతో ఒకరిని అపాయంలోకి దింపడాన్ని ‘మునగచెట్టు ఎక్కించడం’ అనడం అందువల్లనే. అట్టి చెట్టు విరిగితే పిడుగును నిందించనక్కరలేదు.

గాలికి దిక్కు ఉంటుంది. ఇది మరొక ముఖ్యమైన గుర్తు. ఒక్క చెట్టే కాక పక్కనున్న అరటి, రేకుల పందిరి, గడ్డివాము కూడా ఒకే వైపునకు ఒరుగుతాయి. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవిలో వందల ఎకరాల మేర వేలాది చెట్లు ఒక్కసారిగా కూలిపోయాయి. కొన్ని వేళ్లతో లేచిపోగా, కొన్ని నడిమికి విరిగిపోయాయి. ఇంతటి విధ్వంసానికి హేతువేమిటో తెలుసుకోవడానికి అటవీశాఖ శాస్త్రజ్ఞుల సహాయం కోరింది. కోదాడ ప్రాంతాన్ని వరద ముంచెత్తినది కూడా ఆ రోజులలోనే. ఒకే మారు ఒక విశాల ప్రదేశంలో ఇన్ని చెట్లు పడిపోవడం పిడుగు లక్షణం కాదు, పెనుగాలి లక్షణం. పిడుగు సాధారణంగా ఎత్తైన చెట్టునో, ఒంటరి చెట్టునో ఎంచుకొంటుంది. చుట్టుపక్కల తీగ కూడా కదలదు.

తాడి, ఈత, కొబ్బరి చెట్లకు ఈ సూత్రం యథాతథంగా వర్తించదు. వీటికి వేపకున్నట్టి బెరడు లేదు. నీటినాళాలు కాండమంతటా చెదరి ఉంటాయి. వీటి ప్రాణం తలలోని ఒకే మొవ్వులో ఉంటుంది. పిడుగు పడితే కాండంపై పెద్ద గాయం కనిపించకపోవచ్చు. కాని కొద్ది రోజులలో మట్టలు వాడి, కాండాన్ని ఆనుకొని వేలాడుతాయి, మొవ్వు కుళ్లిపోతుంది. కొబ్బరితోటలో ఒక చెట్టుపై పడిన పిడుగు వలన పక్క చెట్లు కూడా గుంపుగా ఎండిపోవచ్చు. మొవ్వుకుళ్లు తెగులులోనూ తల వాడుతుంది. అయితే తెగులు లేత ఆకుతో మొదలై క్రమంగా వ్యాపిస్తుంది, పిడుగు తలనంతటినీ ఒక్కసారి దెబ్బతీస్తుంది. గీత కార్మికునికి తాడిచెట్టు జీవనాధారం. మొవ్వు చచ్చిన తాడి మరల చిగురించదు కనుక, దానిని ఎక్కే ప్రయత్నం చేయక ముందుగా తలను పరిశీలించడం అవసరం.

కాబట్టి తల, కాండం, మొదలు, పరిసరం అనే నాలుగింటిని వరుసగా చూడాలి. ఏ ఒక్క గుర్తుతోనూ తీర్పు చెప్పరాదు. పిడుగుతో బలహీనపడిన చెట్టును మరుసటి గాలి విరవవచ్చు. అప్పుడు రెండు గుర్తులూ ఒకే చెట్టుపై ఉంటాయి.

కారణం తెలిసిన తరువాత కర్తవ్యం సులభం. పిడుగు పడిన వేప, చింత వంటి చెట్టు నిలువుగా నిలిచి, గాయం ఒక వైపునకే పరిమితమై ఉంటే తొందరపడరాదు. వేలాడే బెరడును మాత్రం కత్తిరించి, నీరు పోస్తూ, ఒక ఋతువు పాటు వేచి చూడాలి. చాలా చెట్లు గాయం అంచుల నుండి కొత్త కలప పెంచుకొని కోలుకొంటాయి. కాండం రెండుగా చీలినా, తల పూర్తిగా ఎండినా తొలగించక తప్పదు. గాలికి ఒరిగి, మొదట నేల ఎత్తుగా లేచిన పెద్ద చెట్టు విషయం ఇందుకు విరుద్ధం. ఆకు ఎంత పచ్చగా ఉన్నా అది ప్రమాదమే. ఇంటివైపు ఒరిగితే వెంటనే తొలగించాలి. లేత మొక్కను మాత్రం నిలబెట్టి, ఊతం కట్టి, మట్టి ఎగదోయవచ్చు. కొమ్మ కరెంటు తీగపై పడితే దానిని ముట్టుకొనక విద్యుత్ శాఖ వారికి తెలపాలి.

చెట్టుపై పడే పిడుగు చెట్టుతో ఆగదు. కాండం నుండి పక్కనున్న మనిషికి దూకుతుంది. నేలలో వ్యాపించి కాళ్ల ద్వారా దేహంలో ప్రవేశిస్తుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 2,887 మంది పిడుగుపాటుకు మరణించారు. ఉరుము వినగానే పక్కా ఇంటిలోనికి చేరి, చివరి ఉరుము తరువాత 30 నిమిషాల వరకు బయటికి రాకపోవడం మేలు. విరాటపర్వంలో అర్జునుడు జమ్మిచెట్టు దగ్గర ఉత్తరునికి తన పది పేర్లను చెప్పాడు. ఆ పేర్లు తలచుకొంటే పిడుగు భయం తొలగుతుందని పెద్దల విశ్వాసం. ధైర్యం కోసం తలచుకోవచ్చు. చెట్టు కింద నిలిచి మాత్రం కాదు.

కఠిన పదాలకు అర్థాలు

నిశితంగా = సూక్ష్మంగా
వ్యుత్పత్త్యర్థం = పదం పుట్టుకను బట్టి వచ్చే అర్థం
వ్యాకోచించు = విస్తరించు
చాలు = నాగలి గీసినట్టి గాడి
కొమ్మపంగ = రెండు కొమ్మలు చీలే చోటు
హేతువు = కారణం
మొవ్వు = తాడి, కొబ్బరి వంటి చెట్ల తలలోని లేత చిగురు

ప్రశ్నలు

1. పిడుగుదెబ్బకు, గాలిదెబ్బకు గల భేదాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. తాడి, కొబ్బరి చెట్లపై పిడుగు ప్రభావం ఎట్లా ఉంటుంది?
3. ‘భిదురం’, ‘ప్రభంజనం’ అనే పదాల అర్థాలు ఈ పాఠానికి ఎట్లా ఉపకరించాయి?
4. సందర్భ సహిత వ్యాఖ్య రాయండి: “ఆకు ఎంత పచ్చగా ఉన్నా అది ప్రమాదమే.”
5. మీ పెరటిలోనో కళాశాల ఆవరణలోనో గాయపడిన ఒక చెట్టును పరిశీలించి, తల, కాండం, మొదలు, పరిసరం అనే వరుసలో మీరు గమనించిన అంశాలను రాయండి.