పిల్లల బేస్‌బాల్ పోటీల ఫలితాలు – మనం నేర్చుకోవలసిన పాఠం



ఉప్పల్, నాచారం ప్రాంతంలో చదువుకునే మనకు ఆట అనగానే ముందు గుర్తొచ్చేది క్రికెట్. స్టేడియం మనకు దగ్గర్లోనే ఉంది. 2024 అక్టోబరు 12న అక్కడ జరిగిన టీ20లో బంగ్లాదేశ్‌పై భారత జట్టు 6 వికెట్లకు 297 పరుగులు చేసింది. అలాంటి స్కోర్లకు అలవాటుపడిన మనకు బేస్‌బాల్ ఫలితం ‘2–1’ అని కనిపిస్తే ఇదేమి ఆట అనిపిస్తుంది. కానీ మన దేశంలో స్కూల్ గేమ్స్‌లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ కూడా ఆడతారు. కాబట్టి ఆ ఫలితాలను ఎలా చదవాలో, వాటి వెనుక ఏముంటుందో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఆట పరిచయం

బేస్‌బాల్‌లో జట్టుకు 9 మంది మైదానంలో ఉంటారు. పిచర్ బంతి విసురుతాడు, బ్యాటర్ కొడతాడు. కొట్టినవాడు మూడు బేస్‌లు దాటి తిరిగి హోమ్ ప్లేట్ చేరితేనే ఒక పరుగు. ముగ్గురు అవుటైతే ఆ జట్టు వంతు అయిపోతుంది. రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్. పెద్దవాళ్లకు 9 ఇన్నింగ్స్, లిటిల్ లీగ్ పిల్లలకు 6. స్కోరుబోర్డు మీద ప్రతి జట్టు పేరు పక్కన చివర మూడు అంకెలు ఉంటాయి. మొదటిది పరుగులు, రెండోది హిట్లు, మూడోది ఫీల్డింగ్‌లో చేసిన తప్పులు అంటే ఎర్రర్లు. గెలుపును తేల్చేది పరుగులే అయినా, ఆ గెలుపు ఎలా వచ్చిందో మిగతా రెండు అంకెలు చెబుతాయి.

నాలుగు ఫైనల్స్ – నాలుగు రకాల గెలుపు

పిల్లల బేస్‌బాల్‌లో పేరున్న పోటీ లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్. 1947 నుంచి అమెరికాలోని విలియమ్స్‌పోర్ట్ ప్రాంతంలో జరుగుతోంది. ఇందులో ఆడేది 12 ఏళ్లలోపు పిల్లలే. ఇటీవలి నాలుగు ఫైనల్స్ చూద్దాం.

2022లో హోనొలులు జట్టు కరీబియన్ దీవి క్యురసావ్ జట్టును 13–3తో ఓడించింది. ఆట 4 ఇన్నింగ్స్‌కే ముగిసింది. నాలుగు ఇన్నింగ్స్ అయ్యేసరికి 10 పరుగుల తేడా ఉంటే ఆట ఆపేయాలని అక్కడ నియమం. ఓడిపోతున్న పిల్లలను ఇంకా నలిపేయకూడదని దాని ఉద్దేశం.

2023లో కాలిఫోర్నియాలోని ఎల్ సెగుండో జట్టు మళ్లీ క్యురసావ్‌పైనే 6–5తో గెలిచింది. స్కోరు 5–5 ఉండగా చివరి ఇన్నింగ్స్‌లో కొట్టిన ఒక హోమ్ రన్‌తో ఆట అక్కడికక్కడే ముగిసింది.

2024లో ఫ్లోరిడాలోని లేక్ మేరీ జట్టు తైవాన్‌ను 2–1తో ఓడించింది. స్కోరు సమం కావడంతో ఆట 8 ఇన్నింగ్స్ దాకా సాగింది. బ్యాటర్ బంతిని మెల్లగా తట్టాడు. ఫీల్డర్ విసిరిన బంతిని అందుకోవడానికి మొదటి బేస్ దగ్గర మనిషి లేడు. రెండో బేస్ దగ్గరున్న ఆటగాడు పరుగెత్తి హోమ్ చేరాడు. ఒక్క ఎర్రర్ కప్పును చేతులు మార్చింది.

2025లో తైవాన్‌లోని తైపీ జట్టు లాస్ వేగాస్‌ను 7–0తో ఓడించింది. 1996 తర్వాత తైవాన్‌కు ఇదే మొదటి టైటిల్, మొత్తం మీద 18వది.

మైదానం బయట మారిన ఫలితాలు

ఇవి మైదానంలో తేలినవి. కాగితాల దగ్గర మారిపోయిన ఫలితాలు కూడా ఉన్నాయి. మనం గట్టిగా గుర్తుంచుకోవలసింది వీటినే.

1992 ఫైనల్‌లో ఫిలిప్పీన్స్‌లోని జాంబోంగా జట్టు అమెరికాలోని లాంగ్ బీచ్‌ను 15–4తో చిత్తు చేసింది. తర్వాత విచారిస్తే పలువురు ఆటగాళ్లను నిర్ణీత ప్రాంతం బయటి నుంచి తెచ్చారని తేలింది. టైటిల్ వెనక్కి తీసుకున్నారు. ఇన్నింగ్స్‌కు ఒక పరుగు చొప్పున 6–0తో లాంగ్ బీచ్ గెలిచినట్టు ప్రకటించారు.

2001లో న్యూయార్క్ బ్రాంక్స్ జట్టు మూడో స్థానం పొందింది. ఆ జట్టు పిచర్ అద్భుతంగా ఆడాడు. కానీ అతను పుట్టింది 1989లో కాదని, 1987లోనని బయటపడింది. జట్టు గెలుపులన్నీ రద్దయ్యాయి. పెద్దలు రాయించిన తప్పు తేదీకి జట్టులోని పిల్లలందరూ మూల్యం చెల్లించారు.

మూడో ఉదాహరణ 2011 నాటిది. ఉగాండాలోని కంపాలా పిల్లలు తమ ప్రాంతీయ పోటీ గెలిచి విలియమ్స్‌పోర్ట్‌కు అర్హత సాధించారు. వయసు పత్రాల్లో తేడాలున్నాయని అమెరికా వీసాలు నిరాకరించింది. వారి స్థానంలో సౌదీ అరేబియా జట్టు వెళ్లింది. మరుసటి ఏడాది ఉగాండాలోని లుగాజీ జట్టు సరైన పత్రాలతో వెళ్లింది. ఆ పోటీలో ఆడిన మొదటి ఆఫ్రికా జట్టు అదే. అమెరికాలోని ఆరెగాన్ జట్టుపై 3–2తో ఒక మ్యాచ్ కూడా గెలిచింది.

ఇందులో మనకేముంది?

మిత్రులారా, కంపాలా పిల్లల కథ మనకు దూరమైనది కాదు. మనలో చాలామంది ఇళ్లలో పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. కూలి పనులకు ఊళ్లు తిరిగే తల్లిదండ్రులు ‘వానల కాలంలో పుట్టాడు’ అంటే, బడిలో అంచనాగా ఒక తేదీ వేశారు. ఆధార్‌లో ఇంకొకటి, కులం సర్టిఫికెట్‌లో మరొకటి ఉంటుంది. స్కూల్ గేమ్స్‌లో అండర్–14, 17, 19 అని వయసును బట్టే విభాగాలుంటాయి. స్కాలర్‌షిప్పు, పాస్‌పోర్టు, ఉద్యోగం అన్నీ ఆ తేదీనే అడుగుతాయి. బాగా ఆడీ, బాగా చదివీ కాగితం దగ్గర ఆగిపోతే ఆ బాధ చెప్పనలవి కాదు.

కాబట్టి ఇవి చేద్దాం:

1. స్కూలు అడ్మిషన్ రిజిస్టరు, ఆధార్, జనన ధ్రువపత్రం మూడింటిలో తేదీ, పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయేమో సరిచూసుకుందాం.

2. పుట్టుక నమోదు కాకపోతే ఇంటివాళ్లకు చెప్పి మీసేవలో దరఖాస్తు చేయిద్దాం. ఏడాది దాటిన పుట్టుకల నమోదుకు ఆర్డీవో ఉత్తర్వు కావాలి.

3. పదో తరగతి నామినల్ రోల్స్ పంపకముందే తప్పులు దిద్దించుకుందాం. మెమో అచ్చయ్యాక మార్చడం చాలా కష్టం.

4. చిన్న విభాగంలో ఆడించడానికి వయసు తగ్గించి రాద్దామని ఎవరన్నా ఒప్పుకోవద్దు. అలా వచ్చిన కప్పు నిలవదు.

5. ఆడిన ప్రతి పోటీ సర్టిఫికెట్‌కు జిరాక్సులు తీసి భద్రపరుచుకుందాం.

2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారమని చట్టం వచ్చింది. మన తమ్ముళ్లు, చెల్లెళ్లు, అన్నల అక్కల పిల్లల సంగతి కూడా మనమే చూడాలి. చదువుకున్నవాళ్లం ఇంట్లో మనమే కదా! పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము కూడా ఉండదు.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ కాగితాల సంచి ఒకసారి దించి చూద్దాం. పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు ఒక ఆదివారం హాస్టల్‌కు వచ్చి తమ్ముళ్లకు దరఖాస్తులు నింపడంలో సాయపడితే, అది ఈ వార్షికోత్సవానికి మీరిచ్చే మంచి కానుక అవుతుంది.