ముఖం ఎలా ఏర్పడుతుంది?

పిండ దశలో ముఖానికి రూపం ప్రధానంగా 4 నుంచి 8 వారాల మధ్య వస్తుంది. ఆదిమ నోటి గుంట అయిన స్టోమోడియం చుట్టూ 5 ఉబ్బులు లేస్తాయి: నుదురు, ముక్కు వైపు ఒకటి, పై దవడకు రెండు, కింది దవడకు రెండు. వీటిలోని ఎముక, మృదులాస్థి చాలావరకు న్యూరల్ క్రెస్ట్ కణాల నుంచే వస్తాయి.

పై దవడ ఉబ్బు, నుదురు-ముక్కు ఉబ్బు నుంచి ఏర్పడే ముక్కు లోపలివైపు ఉబ్బుతో కలవకపోతే గ్రహణం మొర్రి వస్తుంది. గర్భిణి గ్రహణం చూడటానికీ దీనికీ సంబంధం లేదు. జన్యువులు, తల్లి పొగతాగడం, కొన్ని మూర్ఛ మందులు ముప్పును పెంచుతాయి.

అంగిలి పలకలు అతుక్కోవడం దాదాపు 12వ వారానికి పూర్తవుతుంది. ఇది పెదవి కలిసిన తర్వాత విడిగా జరుగుతుంది, అందుకే పెదవి బాగానే ఉన్నా అంగిలి చీలిక ఉండొచ్చు.